ఖాళీ గడి లేని డ్యూటీ చార్టు

ఎందుకు రాస్తున్నాను

మా వీధిలో ఉండే శ్రావణి నర్సింగ్ కోర్సు పూర్తి చేసింది. వచ్చే నెల ఒక ఆసుపత్రిలో చేరుతోంది. మొన్న మా ఇంటికి వచ్చి, "ఆంటీ, మీరు గన్ని ఏండ్లు జేసిండ్రు గదా, నాకు నాలుగు ముక్కలు చెప్పుండ్రి" అంది. సూది ఎలా వెయ్యాలో, సెలైన్ ఎలా పెట్టాలో వాళ్ల టీచర్లు చెప్పే ఉంటారు. నేను చెప్పాల్సింది ఒక్కటుంది. అది టీ తాగుతూ చెప్పే సంగతి కాదు. రాసి ఇస్తానమ్మా, నీతోపాటు చేరే పిల్లలకూ చూపించు అని పంపించాను.

రాయడానికి కూర్చున్నానని కూడా అనలేను. కూర్చుంటే కాళ్లు ఊరుకోవు. రెండు వాక్యాలు రాసి వంటింట్లోకి వెళ్తాను, వచ్చి మళ్లీ ఒకటి రాస్తాను. మధ్యాహ్నం రెండయ్యేసరికి డ్యూటీ మారే వేళ కదా, ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాను. "రౌండ్స్ అయ్యాయా సుశీలా?" అని మా ఆయన ఎగతాళి చేస్తారు. రిటైరై ఇన్నాళ్లయినా ఈ తిరుగుడు తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో ఆయనకూ తెలుసు.

నేను పనిచేసిన ఆసుపత్రి సంగారెడ్డికీ పటాన్‌చెరుకూ మధ్య హైవే పక్కన ఉండేది. పేరు రాయను. ఒక ట్రస్టు నడిపేది. ఆ ట్రస్టుకు నగరంలో పెద్దాసుపత్రి, మాలాంటి బ్రాంచీలు మరికొన్ని ఉండేవి. ముప్పై నాలుగేళ్లు అక్కడే చేశాను. చివరి తొమ్మిదేళ్లు నర్సులందరికీ పెద్దను. ఏ వార్డులో ఏ పూట ఎవరుండాలో రాసే డ్యూటీ చార్టు నా చేతిలో ఉండేది. ఈ కథంతా ఆ చార్టు గురించే.

మేట్రన్ నేర్పిన రెండు సంగతులు

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చాడు. నేను క్వార్టర్స్‌లో పెరిగాను. ఇంట్లో ఒక భాష, గేటు దాటితే ఇంకో భాష. మా ఆసుపత్రిలో ఆయా యాదమ్మ అనేది, "మా సిస్టరమ్మ మాట ఆంధ్రది, తిట్టు మాత్రం మనదే" అని. నిజమే. నాకు కోపం వస్తే యాస దానంతటదే మారిపోయేది. ఆ కోపానికి జూనియర్లు హడలిపోయేవాళ్లు. నేను అందుకు గర్వపడేదాన్ని కూడా.

నేను చేరినప్పుడు ఉన్న మేట్రన్ మేడం చాలా గట్టి మనిషి. ఆవిడ నాకు రెండు సంగతులు నేర్పింది. ఒకటి, డ్యూటీ అప్పగింతలు టేబుల్ దగ్గర చెయ్యకూడదు, మంచం దగ్గర చెయ్యాలి. దిగిపోయే నర్సు, ఎక్కే నర్సు ఇద్దరూ ఒక్కో మంచం దగ్గర ఆగి, పేషెంటు ముఖం చూసి, సెలైన్ చూసి, ఆక్సిజన్ సిలిండర్ ముల్లు చూసి కదలాలి. కాగితం మీద బాగున్న మనిషి మంచం మీద బాగుండకపోవచ్చు అనేది. ఈ ఒక్క పద్ధతి నా చేతుల మీదుగా చాలామందిని కాపాడింది. దీన్ని మీరు కళ్లకద్దుకోండి.

రెండోది చార్టు సంగతి. నేను వార్డు ఇన్‌చార్జిని అయిన మొదటి వారం ఒక సాయంత్రం డ్యూటీకి మనిషి దొరక్క ఒక గడి ఖాళీగా వదిలి తీసుకెళ్లాను. ఆవిడ కళ్లజోడు దించి చూసింది.

"ఇదేమిటి?"

"మనిషి లేదు మేడం."

"మనిషి లేకపోతే ఉన్న మనిషిని సర్దు. ఖాళీ గడి పైకి పంపితే వాళ్లకు కొరత కనపడదు, నీ చేతకానితనం కనపడుతుంది."

ఆ రోజు నుంచి నా చార్టులో ఎప్పుడూ ఖాళీ గడి లేదు. ఒకసారి మందుల కంపెనీలో బాయిలర్ పేలి ఒకేసారి కాలిన మనుషులు వచ్చిపడ్డారు. మూడు పూటలు వరుసగా నేనే నిలబడ్డాను. కాళ్లు వాచి చెప్పులు పట్టలేదు. నన్ను అందరూ మెచ్చుకున్నారు, "సుశీల ఉంటే సర్దుకుపోతుంది" అన్నారు. ఆ మెప్పు నెత్తికెక్కింది. ఎవరైనా పిల్ల "మేడం, ఒక్కదాన్ని చెయ్యలేను" అంటే, "మేము చెయ్యలేదా?" అని నోరు మూయించేదాన్ని. మనిషి లేకపోయినా పని జరిగిపోతుందని పైవాళ్లకు నేర్పింది మేమే. ఈ మాట రాస్తుంటే ఇప్పుడు ఒళ్లు మండుతోంది, నా మీద నాకే.

పెన్సిల్ చుక్క

కరోనా వచ్చినప్పుడు మొదటి విడత ఎలాగో ఈదాం. బస్సులు ఆగిపోతే హత్నూర నుంచి, సదాశివపేట నుంచి వచ్చే పిల్లలను మా ట్రైనింగ్ హాల్లోనే పడుకోబెట్టాం. కిరాయి ఇళ్లవాళ్లు కొందరిని ఖాళీ చెయ్యమన్నారు. పొద్దున పీపీఈ కిట్టు తొడుక్కుంటే మధ్యాహ్నం దాకా మంచినీళ్లు లేవు, బాత్రూం లేదు. అందుకని ముందు రోజు నుంచే నీళ్లు తాగడం తగ్గించేవాళ్లు. కిట్టు విప్పితే బట్టలు పిండితే నీళ్లు కారేవి. మా మీద పూలు చల్లారు, శాలువాలు కప్పారు. యాదమ్మ తన శాలువా మడిచి లోపల పెడుతూ, "గీ శాలువా కప్పే బదులు ఒక మనిషిని పంపిన బాగుండు" అంది. అందరం నవ్వాం.

రెండో విడతలో ఆ నవ్వు లేదు. పేషెంట్లు రెండింతలయ్యారు, నర్సులు సగమయ్యారు. రోజూ ఒకరికో ఇద్దరికో జ్వరం. పరీక్షలో పాజిటివ్ వస్తే రెండు వారాలు ఇంట్లో ఉండాలి. ఉన్నవాళ్లకు ఆఫ్ లేదు. ఒకమ్మాయి పెళ్లి కుదిరి సెలవు పెట్టుకుంటే, ఆ సెలవు నేనే కొట్టేశాను. పెళ్లి వాయిదా వేసుకుని డ్యూటీకి వచ్చింది.

రోజూ పొద్దున పది గంటలకు చార్టు ఫొటో తీసి నగరంలోని పెద్దాసుపత్రికి వాట్సాప్‌లో పంపాలి. అక్కడ అదనపు నర్సులను కొత్తగా తీసుకుని, ఏ బ్రాంచి చార్టులో ఖాళీలుంటే ఆ బ్రాంచికి వ్యాన్లో పంపుతున్నారు. ఈ సంగతి నాకు తెలుసు. సర్క్యులర్ చదివి సంతకం పెట్టాను. అయినా నా చార్టు నిండుగానే పోయేది.

ఎలాగంటే, జ్వరంతో ఇంట్లో ఉన్నవాళ్ల పేర్లు తీసెయ్యకుండా అలాగే రాసేదాన్ని. పేరు పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టేదాన్ని. చుక్క ఉంటే మనిషి లేనట్టు. అది నాకు, వార్డు ఇన్‌చార్జిలకు తెలుసు. ఫొటోలో ఆ చుక్క కనపడదు. చుక్క ఉన్నవాళ్ల పని పక్క వార్డు నర్సుకు నోటిమాటగా చెప్పేదాన్ని.

ఇలా చెయ్యమని నాకు ఎవరూ కాగితం రాసివ్వలేదు. మా మెడికల్ సూపరింటెండెంట్ డాక్టర్ ప్రభాకర్ గారు మాత్రం ఒక మాటన్నారు. "మేడం, మన దగ్గర కొరత అని చూపిస్తే పేషెంట్లను తీసుకునుడు బంద్ జెయ్యమంటరు. గీ చుట్టుపక్కల జనం ఏడికి పోవాలె?" ఆయన చెడ్డవాడు కాదు. తనూ కిట్టు వేసుకుని వార్డులో తిరిగేవాడు, ఇంటికి పోయి వారాలయ్యేది. ఆయన మాటలో న్యాయం ఉంది. కానీ నేను చార్టు నింపింది జనం కోసమే అని చెబితే అబద్ధం అవుతుంది. పై ఆఫీసులో "ఆ బ్రాంచి సుశీల గారు ఒక్కసారి కూడా మనిషి కావాలని అడగలేదు" అని చెప్పుకునేవారు. ఆ మాట నా చెవిన పడింది. ఆ పేరు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

మల్లయ్య

స్వరూపది హత్నూర. మా దగ్గర చేరి నాలుగేళ్లు. మాట తక్కువ, చెయ్యి చురుకు. మేట్రన్ మేడం ఉండుంటే మెచ్చుకునే పిల్ల. ఆ రోజు పొద్దున డ్యూటీ చార్టులో కిందివార్డుకు స్వరూప పేరుంది. పైవార్డుకు మంజుల పేరుంది, పక్కన చుక్క ఉంది. మంజుల ఇంట్లో జ్వరంతో మూలుగుతోంది.

పొద్దున స్వరూపను మెట్ల దగ్గర ఆపి చెప్పాను. "రెండు వార్డులూ నువ్వే చూసుకో తల్లీ. ఈ ఒక్క పూట."

"మేడం, నిన్న గూడ గట్లనే అన్నరు."

"ఎవరున్నారు చెప్పు? నన్ను చెయ్యమంటావా?"

స్వరూప మెట్లెక్కింది. కిందివార్డులో ఇరవై ఎనిమిది మంచాలు, పైవార్డులో ఇరవై రెండు. అన్నీ నిండే ఉన్నాయి.

కిందివార్డులో కిటికీ పక్క మంచం మీద మల్లయ్య ఉన్నాడు. పాశమైలారం వైపు ఒక కంపెనీలో పనిచేసేవాడు, యాభై దాటిన మనిషి. వచ్చినప్పుడు చాలా కష్టంగా ఉంది కానీ కుదుటపడుతున్నాడు. స్వరూప వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూసినప్పుడల్లా, "బిడ్డా, ఇయ్యాల నా నంబరెంత?" అనేవాడు. అంకె పెరిగితే పక్క మంచాలవాళ్లకు చెప్పుకునేవాడు. ఆయనకు ఒక్కటే పట్టుదల. మంచం మీద బెడ్‌పాన్ పెట్టించుకోడు. "ఆడపిల్లతోని గా పని జేపించుకోను" అనేవాడు. అందుకని స్వరూప చిన్న సిలిండర్ తోసుకుంటూ, మాస్కు తియ్యకుండా ఆయన్ను బాత్రూం దాకా తీసుకెళ్లి తీసుకొచ్చేది. "కాకా, నేనొచ్చినంక లెవ్వాలె, ఒక్కనివే లెవ్వకు" అని రోజూ చెప్పేది.

ఆ రోజు ఒంటిగంట దాటాక పైవార్డులో ఒకామెకు ఊపిరి అందక, స్వరూప ఆమెను బోర్లా తిప్పుతోంది. లావు మనిషి. సాయం పట్టేవాళ్లు లేరు. కింద మల్లయ్య బెల్లు కొట్టాడు. పక్క మంచం ఆయన తర్వాత చెప్పాడు, మూడుసార్లు కొట్టాడని. ఎవరూ రాలేదు. మల్లయ్య మాస్కు తీసి దిండు మీద పెట్టి, గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్లాడు.

యాదమ్మ బాత్రూం తలుపు దగ్గర పడి ఉన్న ఆయన్ను చూసింది. ఆమె కేక విని స్వరూప పై నుంచి పరుగెత్తుకొచ్చింది, నేనూ వెళ్లాను. డాక్టరు వచ్చాడు. చెయ్యాల్సిందంతా చేశాం. మనిషి దక్కలేదు.

స్వరూప నన్ను చూసి, "మేడం, నేను పైన ఉన్న" అంది.

"నాకు తెలుసు" అన్నాను.

మల్లయ్య కొడుకు మహేష్ గేటు బయట చెట్టుకింద వారం రోజులుగా ఉన్నాడు. లోపలికి ఎవరినీ రానివ్వని రోజులవి. తండ్రి పొద్దున ఫోన్లో మంచిగా మాట్లాడాడు, మధ్యాహ్నానికి లేడు. లోపల డ్యూటీ సిస్టర్ ఎవరని అడిగితే ఎవరో స్వరూప పేరు చెప్పారు. రెండింటికి స్వరూప డ్యూటీ దిగి బయటికొచ్చింది. ముఖం మీద మాస్కు వాతలు ఇంకా ఎర్రగా ఉన్నాయి. ఆటోల వాళ్లు, మందుల షాపు వాళ్లు, అందరూ చూస్తుండగా అతను ఆమెను నిలబెట్టి తిట్టాడు. "మా నాయిన బెల్లు కొడుతుంటె నువ్వేడికి పోయినవ్? ఫోన్ల ముచ్చట్లు పెట్టినవా?" అన్నాడు. స్వరూప తలదించుకుని నిలబడింది. నేను మొదటి అంతస్తు కిటికీలోంచి చూస్తున్నాను. కిందికి దిగి నాలుగు మాటలు చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. దిగలేదు. భయపడ్డాను. ఇంకే మాటా దానికి సరిపోదు.

విచారణ

మహేష్ రాసిచ్చిన ఫిర్యాదు మీద మూడో రోజు పెద్దాసుపత్రి నుంచి ఇద్దరొచ్చారు. ఒకావిడ మా చార్టు ప్రింటు తీసుకుని ముందు పెట్టుకుంది. డాక్టర్ ప్రభాకర్ గారు, నేను ఒకవైపు, స్వరూప ఎదురుగా.

"నీ డ్యూటీ కిందివార్డులో. పైవార్డుకు ఎందుకు వెళ్లావు?" అని ఆవిడ స్వరూపను అడిగింది.

"పైన ఎవ్వరు లేరు మేడం."

"మంజుల ఉంది కదా. ఇక్కడ పేరుంది."

"మంజులక్కకు జరమొచ్చి ఇంట్ల ఉంది. రెండు వార్డులు సూసుకొమ్మని సుశీల మేడమే చెప్పింది."

ఆవిడ నావైపు తిరిగింది. "మీరు చెప్పారా?"

చార్టులో పేరుండి మనిషి లేదని ఒప్పుకుంటే, ఆ ఒక్క పేరుతో ఆగదు. మూడు వారాల చార్టులు బయటికొస్తాయి. డాక్టర్ గారు టేబుల్ మీంచి చూపు తిప్పలేదు. నా రిటైర్మెంటుకు ఇంకా ఐదు నెలలుంది.

"అవసరమైతే పైన కూడా ఒకసారి చూడమన్నాను. కిందివార్డు వదిలి పొమ్మనలేదు" అన్నాను.

స్వరూప నన్ను చూసింది. కోపంగా కాదు. ఎవరినో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. డ్యూటీ చోటు వదిలి వెళ్లిందని రాసి ఆ సాయంత్రమే ఆమెను తీసేశారు. కారిడార్లో డాక్టర్ గారు నా పక్కకొచ్చి, "ఏం జేద్దాం మేడం, ఆస్పత్రి నిలబడాలె గదా" అన్నారు. నేను తల ఊపాను. మీలో ఎవరైనా రేపు ఆ కుర్చీలో కూర్చుంటే, ఆ తల ఊపడం ఎంత తేలికో గుర్తుపెట్టుకోండి.

వ్యాన్ వచ్చింది

మర్నాడు పొద్దున చార్టు ముందేసుకుని కూర్చున్నాను. కిందివార్డు గడిలో స్వరూప పేరు కొట్టేసి ఇంకో పేరు రాయాలి. ఎవరి పేరు రాయాలి? చుక్కలు పెట్టడానికి కూడా పేర్లు అయిపోయాయి. కొత్త కాగితం తీసుకుని, ఇంట్లో ఉన్నవాళ్ల పేర్లన్నీ వదిలేసి మిగతావాళ్లవే రాశాను. ఐదు గడులు ఖాళీ అయ్యాయి. అలాగే ఫొటో తీసి పంపేశాను. ధైర్యంతో చేశానని అనుకోకండి. ఇంకో పేరు రాయడానికి చెయ్యి రాలేదు, అంతే.

పది నిమిషాల్లో డాక్టర్ గారు పరుగున వచ్చారు. "ఏంది మేడం గిది? గడులన్నీ ఖాళీగున్నయి. పై నుంచి ఫోన్ల మీద ఫోన్లు."

"ఉన్నదే పంపాను సార్."

"జెర ముందుగాల నాకు చెప్పద్దా?"

"చెబితే మీరు ఊరుకునేవారా?"

పేషెంట్లను ఆపమని అంటారని ఇద్దరం ఎదురుచూశాం. అలా ఎవరూ అనలేదు. మర్నాడు పన్నెండింటికి వ్యాన్ వచ్చి గేటు దగ్గర ఆగింది. నలుగురు అమ్మాయిలు సంచులతో దిగారు. వాళ్లలో పొడుగ్గా ఉన్న వరంగల్ అమ్మాయిని, "ఇంత తొందరగా ఎలా పంపారమ్మా?" అని అడిగాను.

"మేం వారం సంది పెద్దాసుపత్రి హాల్లనే కూసున్నం మేడం. ఏ బ్రాంచిల గూడ ఖాళీ లేదన్నరు, అందుకని పంపలే."

లినెన్ గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను. దుప్పట్ల కట్ట మీద కూర్చుని నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. మల్లయ్య బెల్లు కొట్టిన రోజున ఆ పిల్లలు హాల్లో కూర్చునే ఉన్నారు. కాసేపటికి యాదమ్మ తలుపు తట్టి, "సిస్టరమ్మా, కొత్త పిల్లలకు వార్డులు జూపియ్యాలె, లెవ్వుండ్రి" అంది. ముఖం కడుక్కుని వెళ్లి వార్డులు చూపించాను.

ఆ వారమే పెద్దాసుపత్రికి ఉత్తరం రాశాను. ఏ రోజు ఎవరి పేరు పక్కన చుక్క ఉందో, మెట్ల దగ్గర స్వరూపతో ఏమన్నానో, విచారణలో ఏ మాట అబద్ధం చెప్పానో అన్నీ రాశాను. దాని తర్వాత నాకేమైందో అది పెద్ద సంగతి కాదు, వదిలేస్తున్నాను. స్వరూపను తిరిగి రమ్మని వాళ్లు ఆర్డరు పంపారు. ఆమె రాలేదు.

హత్నూర

జ్వరాల ఉద్ధృతి తగ్గి బస్సులు తిరగడం మొదలయ్యాక హత్నూర వెళ్లాను. స్వరూప ఇంటి ముందు రేకుల నీడలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నన్ను చూసి లేవలేదు. వాళ్లమ్మ నీళ్లు తెచ్చి పీట వేసింది. నేను చెప్పాలనుకున్నది దారంతా కూడబలుక్కుని వెళ్లాను. అంతా చెప్పాను, తప్పు నాదేనన్నాను, చేతులు జోడించాను.

"చేతులు దించుండ్రి మేడం, మా అమ్మ సూస్తె బాగుండదు" అంది స్వరూప.

"ఆర్డరు వచ్చింది కదా. రా తల్లీ."

"గా వార్డుల నేను కాలు పెట్టలేను. బెల్లు మోగినట్టె ఉంటది." గింజలు తీస్తూనే ఉంది. మళ్లీ అంది, "నాకు చెప్పి ఏం లాభం మేడం? ఏం జరిగిందో నాకెర్కనే గదా. తెల్వనిది ఆయన కొడుక్కు. వాళ్ల నాయినను నేను ఇడిసిపెట్టి పోయిన అని ఆయన ఇప్పటికి అనుకుంటుండు. కాకకు నేను రోజు చెప్తుంటి, ఒక్కనివే లెవ్వకు, నేనొస్త అని. నేను రాలేదనుకునే పోయిండు గదా."

అప్పుడు ఏడ్చింది. వాళ్లమ్మ లోపల్నుంచి వచ్చి పక్కన కూర్చుంది. నేను ఉత్తరం రాసి చేతులు దులుపుకున్నానని, ఎవరికి చెప్పాలో వాళ్లకు చెప్పలేదని అక్కడ కూర్చున్నప్పుడు అర్థమైంది.

శ్రావణీ, ఇది నీకోసం రాస్తున్నాను. నువ్వు చేరిన చోట ఎవరో ఒకరు, "ఈ ఒక్క పూట సర్దుకో" అంటారు. ప్రేమగానే అంటారు, తల్లీ అని కూడా అంటారు. సర్దుకో, తప్పదు. కానీ ఒక కాగితం ముక్క మీద, ఫలానా పూట రెండు వార్డులకు నేనొక్కదాన్నే ఉన్నాను అని రాసి వాళ్లతో సంతకం పెట్టించుకో. పెట్టనంటే ఆ మాట కూడా రాసుకో. నిన్ను గయ్యాళి అంటారు. అననీ.

పటాన్‌చెరు

ఒక ఆదివారం పొద్దున పటాన్‌చెరులో మహేష్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. వరుసగా రేకుల గదులు, మధ్యలో ఒక నల్లా. ఒడిశా వాళ్లు, బీహార్ వాళ్లు కంపెనీ షిఫ్టుకు టిఫిన్లు సర్దుకుంటున్నారు. అతను గుమ్మం ముందు బండి తుడుస్తున్నాడు. ఆసుపత్రి పేరు చెప్పగానే చేతిలో గుడ్డ కింద పడేశాడు.

"ఎందుకొచ్చిండ్రు?"

"ఒక మాట చెప్పడానికి. విన్న తర్వాత పొమ్మంటే పోతాను."

నిలబడే చెప్పాను, చార్టు, చుక్క, మెట్ల దగ్గర మాట, విచారణలో నా జవాబు, వారంగా పెద్దాసుపత్రి హాల్లో కూర్చున్న నలుగురు నర్సుల సంగతి. అతను మధ్యలో ఆపలేదు. నల్లా దగ్గర ఆడవాళ్లు బిందెలు పట్టడం ఆపి వింటున్నారు. గొంతు తగ్గించాలనిపించింది. తగ్గించలేదు. ఆ పిల్లను తిట్టింది రోడ్డు మీదే కదా.

అంతా అయ్యాక అడిగాడు, "గా నలుగురు సిస్టర్లు ముందుగాలనే వస్తె మా నాయిన బతుకుతుండెనా?"

ఇన్నేళ్లలో ఇలాంటి ప్రశ్నకు నర్సులం అందరం ఒకటే జవాబిస్తాం. మన చేతుల్లో ఏముంది, దేవుడి దయ అంటాం. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"జబ్బు సంగతి నేను చెప్పలేను బాబూ. కానీ మీ నాన్న బెల్లు కొడితే ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. బాత్రూం దాకా మాస్కుతోనే తీసుకెళ్లేవాళ్లు."

అతను గుమ్మం మీద కూర్చుండిపోయాడు. రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. నన్ను కొడతాడేమో అనుకున్నాను, కొట్టినా నిలబడాలనే అనుకున్నాను. తల ఎత్తినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అంత మంది ముందల ఆమెను తిట్టిన. ఒక్క మాట తిరిగి అనలే. ఆమెది ఏ ఊరు?"

"హత్నూర" అన్నాను. ఇంటి గుర్తులు చెప్పాను.

లోపలికెళ్లి చొక్కా మార్చుకుని వచ్చాడు. బండి స్టాండు తీశాడు. నేను చెప్పులు సర్దుకుని, "పద బాబూ, నేనూ వస్తాను, ఇల్లు చూపిస్తాను" అన్నాను.

"మీరు రాకుండ్రి" అన్నాడు మహేష్. "మీరుంటె ఆమె నాతోని ఏం మాట్లాడది."

బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. నేను నల్లా దగ్గర ఆడవాళ్ల మధ్య నుంచి నడుచుకుంటూ బస్టాపు దాకా వచ్చాను.